శివంగి పుట్టుపూర్వోత్తరాలు

మన భాషలో ఆడవాళ్ళను పోల్చడానికి జంతువులకు కరువు లేదు. పెళ్ళిచూపుల నాడు పిల్ల గోవు. "మా అమ్మాయి గోవండీ, నోట్లో నాలిక లేదు" అంటుంది తల్లి. అవతలి వాళ్ళు కూడా ఆ మాటకు తృప్తిగా తలలూపుతారు, కోడలికి నాలిక లేకపోవడం అదనపు కట్నమైనట్టు. పెళ్ళయిన ఆరు నెలలకో ఏడాదికో ఆ పిల్ల మెట్టినింట్లో దేనికో ఒకదానికి బదులు చెబుతుంది. పెద్ద బదులేం కాదు, "నేను అలా అనలేదండీ" అన్నంత. అంతే! గోవు కాస్తా శివంగి అయి కూచుంటుంది. ఈ రెండు జంతువులకీ మధ్య మెట్టంటూ ఒకటుండాలని మన వాళ్ళకు ఎప్పుడూ తోచినట్టు లేదు.

మగవాళ్ళ సంగతి వేరు. కోపిష్టివాడు పులి, ధైర్యవంతుడు సింహం, బలంగా ఉంటే ఏనుగు. అన్నీ గౌరవంగా ఉన్నవే. ఏదీ కాకపోతే కనీసం "మా వాడు ఎద్దులా పనిచేస్తాడు" అంటారు, అందులోనూ మెప్పే. శివంగి మాత్రం ఆడదానికే. "శివంగిలా లేచింది", "శివంగిలా మీద పడింది". శివంగిలా నవ్వింది, శివంగిలా నిద్రపోయింది అని ఎవరూ అనగా వినలేదు.

ఇన్నాళ్ళూ వింటున్నాను గదా, ఇంతకీ ఈ శివంగి అంటే ఏమిటని మొన్నొకసారి అనుమానం వచ్చింది. రావడానికి కారణం మా పక్కింటివారి మనవరాలు. వాళ్ళబ్బాయి ఉద్యోగం ఉత్తరాదిని, కోడలూ ఆ వైపు పిల్లే. పురిట్లో ఆడపిల్ల పుట్టింది, పేరు పెట్టారు, ఫోన్లో చెప్పారు. మామ్మగారు ఫోను పెట్టేసి మా వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "విన్నావుటమ్మా! బంగారంలాంటి పిల్లకి శివంగి అని పేరు పెట్టారుట. పురుడన్నా వెళ్ళలేదు, అప్పుడే పిల్లనిలా ఆడిపోసుకోవడం ఏమిటి?" అని ఒకటే బాధ. అది శివంగి కాదు పిన్నిగారూ శివాంగి, సంస్కృతం పేరు, మంగళకరమైన దేహం కలది అని అర్థం, పార్వతీదేవి పేరే అనుకోండి అని సముదాయించాను. ఆవిడ సగమే నమ్మింది. "దీర్ఘం ఎంతసేపుంటుందే, పిలవగా పిలవగా అరిగిపోదూ?" అంది. అది మాత్రం నిజం.

మా ఇంట్లో విచారణ మొదలుపెట్టాను. మా అమ్మాయిని అడిగితే "ఆడసింహం. ఈమాత్రం తెలీదా?" అంది. ఈనాటి వాడుకలో నిజంగానే అంతే. సినిమాల్లో, పత్రికల శీర్షికల్లో, ఆటల్లో పతకం తెచ్చిన పిల్లల పొగడ్తల్లో శివంగి అంటే ఆడసింహమే. మా వారు పేపరులోంచి తల ఎత్తకుండా "దుమ్ములగొండి" అన్నారు. మా అత్తగారు మాత్రం చాలాసేపు ఆలోచించి, "సింహమేమిటే, మన వైపు సింహాలెక్కడివి? అదో రకం పులి. సన్నగా, పొడుగ్గా ఉండేదని మా తాత చెప్పేవాడు" అంది. ఒకే ఇంట్లో ఒకే మాటకు మూడు జంతువులు తేలాయి.

వీరిలో గెలుపు మా అత్తగారిదే. ఎలాగంటారా? మాట మనదొక్కరిదే కాదు. కన్నడంలో సివంగి ఉంది, తమిళంలో సివింగి ఉంది. రెండు చోట్లా అది వేటకు పెంచే చుక్కల పులి, అంటే చీతా. 1888లో బ్లాన్‌ఫర్డ్ అనే ఇంగ్లీషు పండితుడు మన దేశపు జంతువుల మీద ఒక పెద్ద పుస్తకం వేశాడు. అందులో ఒక్కొక్క జంతువుకీ దేశభాషల్లో ఉన్న పేర్లన్నీ పోగుచేశాడు. చీతా దగ్గర కన్నడం పేరు సివంగి అనే రాశాడు. తెలుగుకు మాత్రం చీతాపులి అని రాసుకున్నాడు. ఆయనకు చెప్పినవారు ఏ ఊరివారో మరి.

ఇక్కడ ఇంకో చిక్కుముడి ఉంది, అది కూడా విప్పకపోతే ముందుకు పోలేం. మనం చిరుత అనేది ఒకటి, హిందీవాళ్ళు చీతా అనేది ఒకటి. చెవికి రెండూ అక్కాచెల్లెళ్ళలా వినిపిస్తాయి గాని వీటికి చుట్టరికం లేదు. చిరుత మన అచ్చతెలుగు మాట. చిరు అంటే చిన్న, చిరుతపులి అంటే చిన్నపులి. తిరుమల కొండదారిలో తిరిగేదీ, 2023లో నడకదారి భక్తులకు చేతికర్రలు ఇచ్చేదాకా తెచ్చిందీ ఈ చిరుతే. చీతా సంస్కృతం చిత్రం నుంచి వచ్చింది, చుక్కలు చుక్కలుగా చిత్రవిచిత్రంగా ఉండేది అని. చుక్కల దుప్పి చీతల్ అయింది ఆ చిత్రం నుంచే. మన తీరాల నుంచి ఓడలెక్కి సీమకు వెళ్ళిన పూల అద్దకం గుడ్డకు ఇంగ్లీషువాళ్ళు పెట్టుకున్న చింట్జ్ అనే పేరూ ఆ చిత్రం నుంచే. చీతా, దుప్పి, అద్దకం గుడ్డ మూడూ ఒక తల్లి బిడ్డలన్న మాట. బీరువాలో కలంకారీ చీర ఉన్నవాళ్ళు ఈసారి దాన్ని తీసేటప్పుడు కాస్త జాగ్రత్తగా తీయండి!

రెండు జంతువుల్నీ పక్కపక్కన నిలబెడితే పోల్చుకోవడం సులువే. చిరుత ఒంటిమీద మచ్చలు పువ్వుల్లా ఉంటాయి, మధ్యలో ఖాళీతో. చీతా మచ్చలు నిండుగా, బొట్టుబిళ్ళల్లా ఉంటాయి. చిరుతది బలిష్ఠమైన మెడ, పొట్టి కాళ్ళు. చీతాది చిన్న తల, పొడుగు కాళ్ళు, సన్నటి నడుము. అన్నిటికన్నా మించిన గుర్తు మొహం మీద ఉంది. కంటి కొస నుంచి నోటిదాకా రెండు నల్లటి చారలు దిగుతాయి. ఏడిస్తే కాటుక కారినట్టు. ఫోటోల్లో ఎప్పుడు చూసినా అప్పుడే కళ్ళు తుడుచుకుని లేచి వచ్చినట్టు ఉంటుంది పాపం.

ఇక శివంగిలా మీద పడడం సంగతి. దీని స్వభావం చదువుతుంటే నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. ఇంత పిరికి జంతువు పెద్దపిల్లుల్లో మరొకటి లేదు. గర్జించడం చేతకాదు. పిల్లిలా గురగురమంటుంది, పిల్లల్ని పిలవాల్సి వస్తే పిట్టలా కిచకిచమంటుంది. అంత పెద్ద ప్రాణి పిచ్చుక గొంతుతో పిలవడం ఊహించండి! గోళ్ళు మిగతా పిల్లులకు ఉన్నట్టు పూర్తిగా లోపలికి ముడుచుకోవు. పరుగు కోసం నేలను పట్టుకోవడానికి అవి బయటే ఉండాలి. పరుగు తప్ప దానికి వేరే ఆయుధం లేదు. గంటకు నూరు కిలోమీటర్ల వేగం అందుకుంటుంది, అయితే ఆ పరుగు నిమిషం కూడా సాగదు. జింక దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. దొరికినా వెంటనే తినలేదు. ఒళ్ళు వేడెక్కి, ఊపిరి అందక, ఒక్కోసారి అరగంటదాకా రొప్పుతూ కూచుంటుంది. ఈలోగా ఏ సింహమో, దుమ్ములగొండో, చిరుతో వచ్చిందంటే వేటను వదిలేసి తప్పుకుంటుంది. కాలికి దెబ్బ తగిలితే మళ్ళీ పరుగెత్తలేదు, పరుగెత్తలేకపోతే తిండి లేదు. అంచేత పోట్లాటకు దిగదు. పొయ్యి దగ్గర పొద్దంతా నిలబడి, ఆఖరున కాస్త చెమట తుడుచుకుని కూచుందామనుకునేలోగా గిన్నెలు ఖాళీ అయ్యే సంగతి నా పాఠకురాళ్ళకు నేను వివరించి చెప్పనక్కర్లేదు.

సంసారం కూడా ఒంటరి సంసారమే. మగవి అన్నదమ్ములు ఇద్దరో ముగ్గురో కలిసి జట్టుగా తిరుగుతాయి, హాయిగా. ఆడది ఒక్కతే తిరుగుతుంది. పిల్లల్ని కన్నా ఒక్కతే, సాకినా ఒక్కతే. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటాం కదా, ఇదీ అంతే, మొదటి వారాల్లో పొదకీ పొదకీ మారుస్తూనే ఉంటుంది. ఏడాదిన్నర పాటు వెంటబెట్టుకుని వేట నేర్పుతుంది. మొదట చిన్న చిన్న జింకపిల్లల్ని ప్రాణాలతో తెచ్చి పిల్లల ముందు వదిలి, మీరు పట్టుకోండి చూద్దాం అని చూస్తుంది. ఆ ఏడాదిన్నరలో పిల్లల మీదికి ఎవరైనా వస్తే మాత్రం మెడ దించి, బుస్సుమని, తనకన్నా రెండింతలున్న జంతువు మీదికైనా దూకినట్టు చేస్తుంది. చేస్తుందంతే, చాలాసార్లు అది బెదిరింపే. వాళ్ళు వెనక్కి తగ్గితే తనూ తగ్గుతుంది. శివంగిలా లేవడం అంటే బహుశా ఇదే అయివుంటుంది.

తల్లి నేర్పే ఈ చదువు వల్లే ఈ జాతి కొంప మునిగింది. రాజులు వేటకు చీతాలను పెంచేవారని చెప్పాను కదా. వేటగాళ్ళు దీని పిల్లల్ని పట్టేవారు కాదు. తల్లి దగ్గర చదువుకోని పిల్లకు వేట రాదు, వేట రాని చీతా ఎందుకూ పనికిరాదు అని వాళ్ళ నమ్మకం. అందుకని అడవిలో పెరిగి, చదువు పూర్తిచేసుకుని, పిల్లల్ని కనే వయసుకు వచ్చిన వాటినే పట్టేవారు. అవి వచ్చి గోళ్ళు గీరుకునే చెట్లు కొన్ని ఉంటాయి. ఆ చెట్ల చుట్టూ నరాలతో పేనిన ఉచ్చులు పరిచి కాపు వేసేవారు. అక్బరు పాదుషా తన జీవితకాలంలో వెయ్యి దాకా చీతాలను పోగుచేశాడని ఆయన కొడుకు జహంగీరే రాసుకున్నాడు. ఒక వేటలో పెద్ద లోయను దూకి జింకను పట్టిందని ఒక చీతాకు అక్బరు పదవి పెంచి, దాని ముందు నగారా మోగించుకుంటూ నడవమని ఆజ్ఞ ఇచ్చాడట. మెళ్ళో పట్టెడా, ముందు నగారా, అన్నీ ఇచ్చాడు గాని అవి పిల్లల్ని మాత్రం పెట్టలేదు. వెయ్యింటిలో ఒక్కటీ పెట్టలేదు. జహంగీరు కాలంలో, 1613లో, ఒక మగచీతా పట్టీ తెంపుకుని ఆడదాని దగ్గరికి చేరితే రెండున్నర నెలలకు మూడు పిల్లలు పుట్టాయి. ఇది చాలా వింత అని ఆయన దినచర్యలో రాసుకున్నాడు. వింతే మరి. మళ్ళీ మనుషుల చేతిలో ఉన్న చీతా ఈనిందన్న దాఖలా 1956 దాకా లేదు. అదీ అమెరికాలో, ఫిలడెల్ఫియా జంతుప్రదర్శనశాలలో. మూడువందల నలభై మూడేళ్ళు! తనకు నచ్చిన చోట, నచ్చిన తోడు దొరికితే తప్ప సంసారం చేయదన్న మాట. మొండిదే.

పట్టిన చీతాను మచ్చిక చేసే పద్ధతి గురించి పందొమ్మిదో శతాబ్దపు పుస్తకాల్లో ఉన్న వర్ణన ఒకటి మీకు చెప్పి తీరాలి. కళ్ళకు గంతలు కట్టి, మెడకూ నడుముకూ తాళ్ళు వేసి, దాన్ని ఒక మంచానికి కట్టేవారు. తర్వాత ఏం చేసేవారనుకున్నారు? ఆడవాళ్ళనూ పిల్లల్నీ పిలిచి ఆ మంచం పక్కన కూచోబెట్టేవారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊరికే కబుర్లు చెప్పుకోవడమే వాళ్ళ పని. మనిషి గొంతు అలవాటు కావాలని! ఆరు నెలలకు ఎంత అడవి ప్రాణమైనా లొంగేదట. ఈ సంగతి చదివి వినిపిస్తే మా వారు "మీ కబుర్లకి ఎవరైనా లొంగాల్సిందే" అని పేపరు అడ్డం పెట్టుకున్నారు. నేను మాత్రం ఆ ఆడవాళ్ళ గురించే ఆలోచిస్తూ కూచున్నాను. చరిత్ర పుస్తకాల్లో అక్బరు ఉన్నాడు, నగారా ఉంది. ఆ మంచం పక్కన కూచుని ఏం మాట్లాడుకున్నారో మాత్రం ఒక్క ముక్క లేదు. ఉప్పూ పప్పూ ధరలో, అత్తల ఆరళ్ళో, పిల్లవాడి జ్వరమో. ఆ గంతల వెనక పడుకుని అదంతా విన్న చీతా ఒక్కదానికే తెలియాలి.

వేటనాడు దాన్ని ఎడ్లబండి మీద కూచోబెట్టి తీసుకువెళ్ళేవారు. ఎడ్లబండిని చూసి జింకలు బెదరవు. మంద దగ్గర పడగానే గంతలు తీస్తారు. చీతా ఇర్రిని పడగొట్టాక, వెనకాల పరుగెత్తుకొచ్చిన పెంపకందారు చెక్క గరిటెతో కాస్త రక్తం పట్టి దాని నోటికందించి, అది తాగుతుండగా మళ్ళీ గంతలు తగిలించేసేవాడు. జింక పాదుషావారి వంటశాలకు, గరిటెడు రక్తం చీతాకు.

మన వైపు దీని ముచ్చట లేకపోలేదు. హైదరాబాదు నిజాముల దగ్గర వేట చీతాలుండేవి. మద్రాసు గవర్నరుగా పనిచేసిన జార్జి పిగట్ ఇంగ్లండుకు తిరిగి వెళ్ళాక, వాళ్ళ రాజు మూడో జార్జికి ఒక చీతాను కానుక ఇచ్చాడు. 1764లో విండ్సరు వనంలో దొరలంతా గుమికూడి, దాన్ని ఒక సీమ దుప్పి మీదికి వదిలారు. ఆ దుప్పి మన కృష్ణజింకలా సన్నటిది కాదు, కొమ్ములు చూస్తేనే భయం వేస్తుంది. అది తల వంచి చీతాను ఎగరేసింది. ఒకటికి రెండుసార్లు ప్రయత్నించి చీతా పక్కకు తప్పుకుంది. జార్జి స్టబ్స్ అనే చిత్రకారుడు ఆ ఉదంతాన్ని పెద్ద బొమ్మగా వేశాడు. ఇప్పటికీ మాంచెస్టరులో ఉంది. తెల్లటి బట్టలు, తలపాగాలు కట్టుకున్న మన దేశస్థులిద్దరు, ఎర్రటి గంత పైకి తీసిన చీతా. ఒకాయన దాని నడుముకు కట్టిన పట్టీ పట్టుకుంటే, రెండో ఆయన అదుగో అని దుప్పి వైపు చెయ్యి చాచి చూపిస్తున్నాడు. అది మాత్రం ఎటో చూస్తుంటుంది. ఊరుగాని ఊళ్ళో ముగ్గురూ ఏమనుకున్నారో!

ఇంత సాధువైన జంతువు చేతిలో మన దేశంలో మనిషి చనిపోయినట్టు నమోదైనది ఒకే ఒక్కసారి. అదీ మన తెలుగునాటే. 1880లో విశాఖపట్నంలో గవర్నరుగారి ఏజెంటుగా ఉన్న ఓ.బి. ఇర్విన్ దొర, విజయనగరం రాజావారి పెంపుడు చీతా వల్ల చనిపోయాడు. అడవిలో ఉన్నది కాదు, పెంచుకున్నది. సరిగ్గా ఆ రోజులకు కాస్త ముందూ వెనకగా సర్కారువారు క్రూరమృగాలను చంపి తెచ్చినవారికి బహుమతులిస్తామని చాటింపు వేయించారు. ఆ జాబితాలో పులి, చిరుతలతో పాటు చీతా కూడా ఉంది. పెద్దదానికి ఇంత, పిల్లకు ఇంత అని వెల కట్టారు. ఒకవైపు రాజులు తల్లుల్ని పట్టుకుపోతున్నారు, ఇంకోవైపు సర్కారు పిల్లలకు వెల కడుతోంది. పైగా అది తిరిగే గడ్డిబీళ్ళన్నీ దున్ని పొలాలు చేశారు, జింకలు తగ్గాయి. ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి కొల్హాపురం, భావనగరం సంస్థానాలవారు వేట సరదా తీర్చుకోవడానికి ఆఫ్రికా నుంచి చీతాలు కొనితెచ్చుకోవలసి వచ్చింది.

1947లో ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న కొరియా సంస్థానం రాజు ఒక రాత్రి కారు దీపాల వెలుగులో మూడు చీతాలను కాల్చాడు. మూడూ మగవే, ఒక ఈత పిల్లలై ఉంటాయన్నారు. మన దేశపు చీతాల కథ అక్కడితో అయిపోయిందని సాధారణంగా రాస్తారు. కాని 1952లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘంవారి పత్రికలో రెండు పేజీల చిన్న వ్యాసం ఒకటి పడింది. రాసినవారు కె.ఎం. కిర్క్‌పాట్రిక్. మద్రాసు రాష్ట్రం చిత్తూరు జిల్లాలో చీతా జాడ గురించి. అప్పటికి మన ఆంధ్ర రాష్ట్రం ఇంకా పుట్టలేదు. 1953 అక్టోబరు దాకా చిత్తూరు మద్రాసులోనే ఉంది. అదే 1952లో చీతా మన దేశంలో అంతరించిపోయిందని ప్రభుత్వం ప్రకటించింది. కాగితం మీద లేదు అని ఒకరు రాస్తుంటే, చిత్తూరు జిల్లాలో దాని జాడ ఉందని ఇంకొకరు రాశారు.

అలా జంతువు పోయింది, పేరు మిగిలింది. ఊరికే పడివున్న పేరు ఏదో ఒకదాని మీద వాలక తప్పదు. పులికి పులి ఉంది, చిరుతకు చిరుత ఉంది. సింహానికి సింహం ఉంది గాని, దాని ఇల్లాలికి ఆడసింహం అన్న అరువు పేరే తప్ప సొంత పేరు లేదు. గుళ్ళ స్తంభాల మీద తప్ప సింహాన్ని ఎన్నడూ చూడని మన తెలుగునాట, ఆ ఖాళీలోకి శివంగి వచ్చి కూచుందని నా ఊహ. పండితులు కాదంటే నేనేం పోట్లాడను.

నేను ఎరిగిన మనుషుల్లో శివంగి అన్న బిరుదు మా మేనత్తకు ఉండేది. ఆవిడది విజయనగరం వైపు ఒక పల్లె. ముప్ఫై ఏళ్ళకే భర్త పోయాడు, ముగ్గురు పిల్లలు. ఆవిడ గొంతు అసలు వినిపించేది కాదు, ఏదైనా చెబితే దగ్గరికి జరిగి వినాలి. పిల్లల వాటా పొలం మరుదులు దున్నుకుంటుంటే మూడేళ్ళు ఊరుకుంది. నాలుగో ఏడు నలుగురు పెద్దలు కూచున్న చోటికి వెళ్ళి, "మా పిల్లల గింజల లెక్క చెప్పండి" అని అడిగింది. ఇంకేమీ అనలేదట. చూసినవాళ్ళు చెప్పారు. ఆ సాయంత్రానికే ఊళ్ళో ఆవిడ పేరు మారిపోయింది. "అమ్మో, అది శివంగి!" లెక్క కొంత వచ్చింది, కొంత రాలేదు. ఆవిడ పిల్లల్ని తీసుకుని పట్నం వచ్చేసింది. చదువులు అయ్యేలోగా ఎన్ని అద్దె కొంపలు మారారో మా బావను అడిగితే వేళ్ళు మడిచి లెక్కపెట్టి, మధ్యలో ఆపేశాడు. ఆ బిరుదు ఆవిడకు ఎలా ఉండేదో ఎవరమూ అడగలేదు. ఒక్కసారి మా అమ్మ వేళాకోళానికి "ఏం వదినా, శివంగివిట కదా" అంటే, చింతపండు పిక్కలు తీస్తూ, తల ఎత్తకుండా, "పిల్లలున్నారు కదా వదినా" అంది.

ఇప్పుడు చీతాలు మళ్ళీ వచ్చాయి. మన జాతివి కావు. ఆ ఆసియా జాతి ఇప్పుడు ఇరానులో మాత్రమే, అదీ వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. 2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి ఎనిమిదింటిని విమానంలో తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కునో అడవిలో వదిలారు. ఎనిమిదిలో ఐదు ఆడవి. మరుసటి ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి ఇంకో పన్నెండు వచ్చాయి. తెలుగు పేపర్లవాళ్ళు ఏమని రాయాలో తెలియక కొందరు చీతాలన్నారు, కొందరు చిరుతలన్నారు. శివంగులు వచ్చాయని మాత్రం ఎవరైనా రాయగా నేను చూడలేదు, ఎంత పతాకశీర్షిక అయివుండేది! వచ్చినవాటిలో కొన్ని చనిపోయాయి కూడా. ఇలా తేవడం సబబా కాదా, అంత చోటుందా లేదా అని తెలిసినవాళ్ళు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. జంతువుకు ఏం తోస్తోందన్నది తప్ప అన్నీ చర్చకు వచ్చాయి.

2023 మార్చిలో నమీబియా నుంచి వచ్చిన ఒక తల్లి నాలుగు పిల్లల్ని పెట్టింది. మే నెల ఎండలకు వాటిలో మూడు పోయాయి. నాలుగోదాన్ని, చావుబతుకుల్లో ఉన్నదాన్ని, అడవి డాక్టర్లు తీసుకుపోయి మందులిచ్చి బతికించారు. మనిషి చేతిలో పడిన ఆ పిల్లను తల్లి మళ్ళీ దగ్గరికి రానీయలేదు. ఆడపిల్ల. ముఖి అని పేరు పెట్టారు. తల్లి ఒళ్ళో చదువుకోనిది, అక్బరు వేటగాళ్ళ లెక్కప్రకారం ఎందుకూ పనికిరానిది. మనుషులే సాకారు. పిల్ల పెరిగి పెద్దదయింది, 2025 నవంబరులో ఐదు పిల్లల్ని కన్నది. ఈ గడ్డ మీద పుట్టిన చీతా ఈ గడ్డ మీదే ఈనింది.

ఈ వార్త చదివి మా అత్తగారికి వినిపించాను. తల్లి లేకుండా పెరిగిందని, ఐదుగురు పిల్లలని చెప్పాను. కళ్ళజోడు సర్దుకుని బొమ్మ కేసి చాలాసేపు చూసింది. "బాలెంతరాలు కదా, కాస్త ఒళ్ళు చేస్తే బాగుండును" అంది.